యంత్రము పోయిన ఆట ఉండునా?

సంక్రాంతి రాగానే సిద్దిపేట మిద్దెలపై పతంగులు లేచును. పరిసర గ్రామములలో చిర్రగోనె ఆడు పిల్లలు నేటికిని కానవత్తురు. పతంగికి కాగితము, వెదురుపుల్ల, దారము చాలును. చిర్రగోనెకు రెండు కర్రముక్కలు చాలును. తాత ఆడిన ఆటను మనుమడు ఆడుటకు ఏ అడ్డంకియు లేదు.

ఈ ఆటలనే 2009వ సంవత్సరమున హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర అను సంస్థ వీడియో ఆటగా రూపొందించినది. "దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా" అను ఆ కృతిని సోనీ సంస్థ తన ప్లేస్టేషన్-2 కన్సోలు కొరకును, చేతిలో ఇముడు పి.ఎస్.పి. యంత్రము కొరకును వెలువరించినది. కబడ్డీ, చిర్రగోనె, పతంగుల పందెము మొదలైనవి అందు గలవు. ఆ సంవత్సరముననే హైదరాబాదునకు చెందిన అరోనా టెక్నాలజీస్ వారి "హనుమాన్: బాయ్ వారియర్" కూడ వచ్చినది. పూర్తిగా మన దేశమున తయారైన మొదటి కన్సోలు ఆట యని దానికి పేరు వచ్చినది. టెలివిజనుకు తగిలించి ఆడు కన్సోళ్ళకును, చేతియంత్రములకును ఇక భవిష్యత్తు కలదా యను ప్రశ్న నేడు లోకమంతట వినవచ్చుచున్నది. ఆ ప్రశ్నను మన ఇంటి ముంగిటనే పుట్టిన ఈ రెండు కృతులను ముందుంచుకొని పరిశీలించుట ఉచితము.

హనుమంతుని ఆటపై ఆనాడు కొంత వివాదము చెలరేగినది. దేవుని బొత్తాములతో ఆడించుట తగదని కొందరు హిందూ ప్రముఖులు ఆక్షేపించిరి. కాని విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న వేరు. దుముకుట, కొట్టుట, శత్రువును గెలిచి ముందుకు సాగుట అను పద్ధతి అప్పటికే పాతబడినది. కథ మనది, ఆట పద్ధతి అరువుది. తొలి ప్రయత్నమగుటచే దీనిని మన్నింపవచ్చును గాని, గొప్పతనముగా ఎంచరాదు.

దేశీ అడ్డా తలపెట్టిన పని ఇంతకంటె కఠినము. కబడ్డీకి ప్రాణము ఊపిరి. కూత ఆపక ఎంతసేపు నిలువగలడన్నదే ఆటగాని బలము. ప్లేస్టేషన్-2 చేతిపనిముట్టుపై గల బొత్తాములు వ్రేలి ఒత్తిడిని కొలువగలవు; ఊపిరిని కొలువలేవు. తెరపై ఏ గుర్తు చూపినను అది ఊపిరికి చిహ్నమే గాని ఊపిరి కాదు. చిర్రను గోనెతో లేపి కొట్టునపుడు మణికట్టు నేర్చు నేర్పును బొత్తాము నేర్పజాలదు. ఐనను ఆరుబయలు ఎరుగని నగరపు బాలునకు ఈ ఆటల పేర్లును, నియమములును పరిచయము చేయుట చిన్న మేలు కాదు. కేవలము 32 మెగాబైట్ల స్మృతిగల యంత్రములో వీనినన్నిటిని ఇమిడ్చిన హైదరాబాదు ఇంజనీర్ల శ్రమయు మెచ్చదగినదే.

ఐతే ఈ గుణదోషములను విద్యార్థి నేడు స్వయముగా పరీక్షింపగలడా? అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. ప్లేస్టేషన్-2 తయారీ 2013 జనవరి నాటికి ముగిసినది. పి.ఎస్.పి. తయారీయు 2014లో నిలిచిపోయినది. నేటి సామాన్యమైన ఫోనులో 4 గిగాబైట్ల స్మృతి యుండును. అనగా ఆ కన్సోలుకంటె 128 రెట్లు. ఐనను ఆ డిస్కులోని ఆట ఫోనులో నేరుగా ఆడదు. ఏలననగా డిస్కుపై వ్రాయబడిన ఆదేశములు ఆ యంత్రపు ప్రాసెసరుకు మాత్రమే తెలిసిన భాషలో నుండును. ఒక తాళమునకు చేసిన చెవి ఎంత పెద్ద తాళమునైనను తెరువనట్లే యిదియు.

దీనికి ఉపాయము లేకపోలేదు. పాత యంత్రపు ప్రవర్తనను క్రొత్త యంత్రములో అనుకరించు ప్రోగ్రాములు గలవు, వీనిని ఎమ్యులేటర్లందురు. పాత ప్రాసెసరు యొక్క ఒక్కొక్క ఆదేశమునకు క్రొత్తది పెక్కు ఆదేశములు నడుపవలసి వచ్చును గనుక, అనుకరించు యంత్రము అసలుదానికంటె మిక్కిలి వేగముగలదై యుండవలెను. ఇది సాధ్యమే. కాని ఆటపై హక్కులు గలవారి అనుమతి లేక ప్రతులు పంచరాదు. కొన్నియెడల ఆ హక్కుదారులెవరో కనుగొనుటయే దుర్లభము. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో లభించుట లేదని అచ్చటి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించినది.

ఇక యంత్రముల సంగతి. కన్సోలు చచ్చినదనుట తొందరపాటు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ 15 కోట్లకు మించి అమ్ముడైనది; దాని తరువాతిదైన స్విచ్-2, 2025 జూన్ 5న వెలువడినది. కాని పూర్వపు సూత్రమొకటి తారుమారైనది. ప్లేస్టేషన్-2 వెల అమెరికాలో 2000లో 299 డాలర్లు. 2009 నాటికి 99 డాలర్లకు దిగినది. ప్లేస్టేషన్-5 వెల 2020లో 499 డాలర్లు కాగా, 2025 ఆగస్టులో 549కి పెరిగినది. ఆర్థిక పరిస్థితులు ఇందుకు కొంత కారణము. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేసినకొలది వెల తగ్గు రోజులు గతించుట మరియొకటి. చేతియంత్రమునకు బ్యాటరీ మరొక హద్దు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ బ్యాటరీ శక్తి 40 వాట్-గంటలు. ఆట 20 వాట్లు వాడినచో రెండే గంటలు నడచును. సిద్దిపేట బాలుడు ఈ యంత్రములను కొనుటకంటె, ఇంటిలోనున్న ఫోనులోనే ఆడుట సహజము.

వీనియన్నిటికంటె చింతింపదగిన మార్పు వేరొకటి కలదు. స్విచ్-2 కొరకు అమ్ము కొన్ని కార్డులలో ఆట యుండదు; ఆటను ఇంటర్నెట్టునుండి దింపుకొనుటకు అనుమతి మాత్రమే యుండును. దూరముననున్న సర్వరు ఆగిననాడు, క్రొత్తగా దింపుకొనదలచిన వానికి ఆ కార్డు నిరుపయోగము. 2009 నాటి డిస్కు పాత యంత్రము దొరికినచో నేటికిని ఆడును. రేపటి కార్డునకు ఆ భాగ్యముకూడ లేదు.

మన దేశమున పుస్తకము ప్రచురించినవారు 1954 నాటి చట్టము ననుసరించి నాలుగు గ్రంథాలయములకు ప్రతులను పంపవలెను. ఆ చట్టము పుస్తకములకును, పత్రికలకును వర్తించును గాని వీడియో ఆటలకు వర్తింపదు. తెలుగుగడ్డపై పుట్టిన తొలి కన్సోలు ఆటలు మంచివో కావో రాబోవు తరము తానే తేల్చుకొనవలెనన్నచో, డిస్కుతోపాటు దానిని ఆడించు సాధనమును, తయారీ పత్రములను ఏదేని విశ్వవిద్యాలయ గ్రంథాలయము భద్రపరుపవలెను. పదియేండ్ల పిదప మేల్కొనిన ప్రయోజనముండదు.

పాఠశాలలు సైతము ఇందు పాల్గొనవచ్చును. తమ ఊరి చిర్రగోనె నియమములను, కొలతలను, పందెపు మాటలను పెద్దలనడిగి విద్యార్థులచే వ్రాయించుట ఉపాధ్యాయులకు కష్టము కాదు. యంత్రము లేకున్నను ఆ కాగితమును చదివి మరల ఆడుకొనవచ్చును. రేపు ఏ యంత్రము వచ్చినను, దానిపై క్రొత్తగా ఆట కట్టదలచిన బాలబాలికలకు ఆ కాగితమే మొదటి మెట్టగును.