కదిలే నిప్పుకు ఆకారం

నేటి ఓడ వందలాది ఉక్కు పలకలను వెల్డింగ్‌తో అతికించి నిలబెట్టిన కట్టడం కనుక, 1941లో వాల్‌చంద్ హీరాచంద్ చొరవతో మొదలై, 1948లో నెహ్రూ 'జల ఉష'ను నీట దించిన విశాఖపట్నం ఓడల కర్మాగారం వంటి చోట, వెల్డింగ్ వేడి ఎంత లోతుకు, ఎంత దూరం పాకుతుందన్నది నౌక ఆయువుకు సంబంధించిన ప్రశ్న. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకోబోతే చుట్టూ ఉన్న చల్లని లోహం అడ్డుపడుతుంది. ఆ పెనుగులాటలో పలక వంకర పోతుంది, వంగే వీలు లేకుంటే బిగువును లోపలే దాచుకుంటుంది, దానినే అవశేష ప్రతిబలం అంటారు.

దీనికి మూలమైన వేడి వ్యాప్తిని ముందే అంచనా వేసే ఉష్ణ అనుకరణ సాఫ్ట్‌వేర్ పలకను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఫోరియర్ 1822లో ప్రకటించిన ఉష్ణ వహన సూత్రాన్ని ఒక్కో గడికి వర్తింపజేస్తుంది. ఆ పని యంత్రం చేసుకుపోతుంది. నిప్పు ఏ ఆకారంలో ఎక్కడ పడుతోందో చెప్పవలసినవాడు మాత్రం మనిషే, ఈ విద్యలో అసలైన నేర్పంతా అక్కడే ఉంది.

1940లలో పరిశోధకుడు రోజెంతాల్, వెల్డింగ్ వేడిని పుట్టించే విద్యుత్ ఆర్క్‌ను కదిలే బిందువుగా భావించాడు. అతుకుకు దూరంగా ఆ లెక్క చక్కగా కుదిరినా, బిందువు వద్ద ఉష్ణోగ్రత అనంతమైపోతుంది. 1969లో పావెలిక్ బృందం వేడిని ఉపరితలం మీద బిళ్లలా పరిచింది గాని, లోతుకు దిగే ఆర్క్‌కు అది చాలలేదు. 1984లో కెనడాకు చెందిన గోల్డాక్ బృందం ముందు పొట్టిగా, వెనుక సాగిన తోకతో ఉండే జంట దీర్ఘవృత్తజాన్ని ప్రతిపాదించింది. కరిగిన లోహపు మడుగు నిజంగానే అలా ఉంటుంది, అందుకే ఆ ఊహ నేటికీ నిలిచింది. అందులో తీవ్రత నడిమధ్య అత్యధికంగా ఉండి, అంచుకు చేరేసరికి ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది.

ఉదాహరణకు, పొడి కింద ఆర్క్ మండే సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ వెల్డింగ్‌లో 500 ఆంపియర్లు, 30 వోల్టులు వాడితే శక్తి 15,000 వాట్లు. 95 శాతం లోహంలోకి చేరుతుందనుకుంటే 14,250 వాట్లు, నిమిషానికి 500 మిల్లీమీటర్ల వేగంతో మిల్లీమీటరుకు సుమారు 1.7 కిలోజౌళ్లు. పలకలో సగమే నమూనాగా తీసుకున్నప్పుడు వేడిని కూడా సగం చేయాలి; మొత్తం వాట్లను ఘన మిల్లీమీటరుకు చెందిన తీవ్రతగా నమోదు చేస్తే ఉష్ణోగ్రతలు అర్థరహితమవుతాయి. గళ్లు ముతకగా ఉంటే ఆకారం చెదిరి కొంత వేడి లెక్కలో జారిపోతుంది కాబట్టి, అన్ని గళ్లలో పడిన వేడిని కూడి 14,250తో, సగం నమూనా అయితే అందులో సగంతో, సరిచూడటం ఎన్నడూ మానకూడని అలవాటు.

ఆపైన తీర్పు లోహానిదే. అతుకును అడ్డంగా కోసి, నునుపు చేసి, నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాలుతో తుడిస్తే కరిగిన మేర స్పష్టంగా తేలుతుంది; లెక్కలో ఉక్కు కరిగే సుమారు 1,500 డిగ్రీల గీత దానితో కలవకపోతే ఆకారపు వెడల్పును, లోతును సవరించాలి గాని, లోహంలోకి చేరే వేడి శాతాన్ని ఇష్టానుసారం పెంచి గీతలు కలిపితే అది మోసమే అవుతుంది. ఆకారం కుదిరాక అతుకు పక్కన అమర్చిన, ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్ రీడింగు చూస్తారు, ఎందుకంటే 800 నుంచి 500 డిగ్రీలకు చల్లారడానికి పట్టే ఆ కొద్ది సెకన్లలోనే అక్కడి ఉక్కు పెళుసుబారుతుందో లేదో తేలిపోతుంది.