బ్రౌన్ ఎవరు? ఒక ఇంటిపేరు, పలువురు వ్యక్తులు

తెలుగు సాహిత్యంతో పరిచయమున్న వారికి ‘బ్రౌన్’ అన్న మాట వినగానే నిఘంటువు స్ఫురిస్తుంది, వేమన స్ఫురిస్తాడు, కడప స్ఫురిస్తుంది. అండమాన్ దీవుల చరిత్ర చదివే వారికి అదే మాట ఈ దీవుల ఆదిమవాసుల గురించి వ్రాసిన ఒక మానవశాస్త్ర గ్రంథాన్ని గుర్తుకు తెస్తుంది. భారతీయ వాస్తుకళను అధ్యయనం చేసే విద్యార్థి బ్రౌన్ అంటే దేవాలయాల, మసీదుల నిర్మాణరీతులను వర్గీకరించిన రెండు సంపుటాలని సమాధానమిస్తాడు. ముగ్గురూ చెప్పేది నిజమే. అయితే ముగ్గురూ చెప్పేది ముగ్గురు వేర్వేరు వ్యక్తుల గురించి. మనిషిని గుర్తించడానికి ఏర్పడిన ఇంటిపేరు కొన్నిచోట్ల మనిషిని మరుగుపరచే తెరగా మారుతుంది. ఆ తెర వెనుక ఎవరు మిగులుతారు, ఎవరు కనబడకుండా పోతారు అన్నది చరిత్రకారుడికీ విమర్శకుడికీ ముఖ్యమైన ప్రశ్న.

‘బ్రౌన్’ గోధుమవర్ణాన్ని తెలిపే మాట. ఒకప్పుడు జుట్టు రంగునుబట్టో మేని ఛాయనుబట్టో ఒక మనిషిని పిలిచిన పిలుపు కాలక్రమంలో వంశనామంగా స్థిరపడింది. అటువంటి జుట్టుగలవారు ఊరూరా ఉంటారు గనుక ఆ పేరు ఒక వంశానిది కాదు, పరస్పర సంబంధం లేని అనేక వంశాలది. ఇంగ్లీషు మాట్లాడే దేశాలలో అతి సాధారణమైన ఇంటిపేర్లలో ఇది ఒకటి. మనకూ నల్లా, తెల్లా వంటి ఇంటిపేర్లు లేకపోలేదు. అయితే తెలుగు ఇంటిపేర్లలో పెద్ద భాగం ఊరిపేర్లనుండి వచ్చినవి. ఒక ఊరినుండి బయలుదేరిన కుటుంబాలన్నీ ఆ ఊరిపేరును మోసుకొని వెళ్లాయి. అందువలన మనకూ పేరు సామ్యం తప్పలేదు. ‘కవిజీవితములు’ కూర్చిన శ్రీరామమూర్తిదీ, ‘కన్యాశుల్కం’ వ్రాసిన అప్పారావుదీ ఇంటిపేరు గురజాడే. ఈనాడు విమర్శలో ‘గురజాడ’ అని ఊరకుంటే అది అప్పారావుకే చెల్లుతుంది. శ్రీరామమూర్తిని ప్రస్తావించవలసినప్పుడు పూర్తిపేరు చెప్పవలసి ఉంటుంది. కీర్తి ఉమ్మడి ఆస్తిని ఒకరి పేర పట్టా చేసిపెట్టింది.

బ్రౌన్ విషయంలోనూ జరిగినది ఇదే. తేడా ఒక్కటే. ప్రతి శాస్త్రమూ ఆ పట్టాను ఒక్కొక్కరి పేర వ్రాసుకొన్నది.

తెలుగువారి బ్రౌన్ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన 1798లో కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, ఫోర్ట్ విలియం కళాశాలకు ప్రొవోస్టుగా పనిచేసినవాడు. కనుక పాత కంపెనీ పత్రాలలో ‘బ్రౌన్’ కనబడినప్పుడు అది తండ్రియా కొడుకా అన్న విచారణ మొదటినుండీ అవసరమే. కుమారుడు 1817లో మద్రాసు చేరాడు, 1820లో కడపలో ఉద్యోగంలో ప్రవేశించాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించాడు. కడపలో బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను నియమించి, తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, పాఠాలను పోల్చి శుద్ధప్రతులు వ్రాయించాడు. వ్యాకరణం, నిఘంటువులు ఆ కృషి ఫలాలు. 1884లో లండన్‌లో మరణించిన ఈయనను తెలుగువారు ‘బ్రౌన్ దొర’ అని పిలుచుకొన్నారు. ‘దొర’ అన్న మాటలో అధికారం ఉన్నది, ఆప్యాయత కూడా ఉన్నది. మరో బ్రౌన్‌కు ఆ బిరుదం తెలుగులో అంటలేదు.

అండమాన్ బ్రౌన్ వేరు. ఆల్ఫ్రెడ్ రెజినాల్డ్ బ్రౌన్ 1881లో బర్మింగ్‌హాం నగరంలో జన్మించి, కేంబ్రిడ్జిలో హాడన్, రివర్స్ అనే ఆచార్యుల వద్ద మానవశాస్త్రం అభ్యసించి, 1906 నుండి 1908 వరకు ఈ దీవులలో క్షేత్రపరిశోధన చేశాడు. దాని ఫలితమైన ‘ది అండమాన్ ఐలాండర్స్’ 1922లో వెలువడింది. ఆ మొదటి ముద్రణ ముఖపత్రంపై రచయిత పేరు ఎ. ఆర్. బ్రౌన్ అనే ఉన్నది. తరువాతి ముద్రణలలో అదే గ్రంథానికి రచయిత ఎ. ఆర్. రాడ్‌క్లిఫ్-బ్రౌన్. ఈయన 1926లో తల్లి పుట్టింటి పేరును తన ఇంటిపేరుకు ముందు చేర్చుకొని దానిని చట్టబద్ధం చేసుకొన్నాడు. బ్రౌన్‌లు మరీ ఎక్కువైన లోకంలో తనను తాను వేరుపరచుకోవడానికి అది ఉపయోగపడింది. అంతకుముందే మిత్రులు వేరొక మార్గం కనిపెట్టారు. అరాజకవాద తాత్త్వికుడు క్రొపోట్కిన్‌పై ఆయనకు యౌవనంలో ఉన్న అభిమానాన్నిబట్టి ఆయనను ‘అనార్కీ బ్రౌన్’ అని పిలిచేవారు. పేరు చాలని చోట మారుపేరు పుట్టడం లోకరీతి. మన బండి గోపాలరెడ్డి ‘బంగోరె’ అయి, ఆ పేరుతోనే కడప బ్రౌన్ లేఖలను, జీవితాన్ని వెలికితీయడం ఇక్కడ గుర్తుచేసుకోదగిన విషయం. ఒక రెడ్డి అనేక రెడ్లనుండి తనను వేరుపరచుకొని, ఒక బ్రౌన్‌ను అనేక బ్రౌన్‌లనుండి వేరుపరచి చూపాడు.

విశేషమేమిటంటే, తన పేరుతో ఇబ్బందిపడిన ఈ రచయిత తన గ్రంథంలో పేర్ల గురించి లోతుగా ఆలోచించాడు. అండమాన్ ఆదిమవాసులలో బిడ్డ పుట్టకముందే పేరు నిర్ణయించే ఆచారముండేది. అందువలన ఒకే పేరు స్త్రీకీ పురుషునికీ చెల్లేది. బాలిక రజస్వల అయినప్పుడు ఆ సమయాన అడవిలో పూస్తున్న చెట్టు పేరు ఆమెకు పుష్పనామంగా వచ్చేది. ఆమె తల్లి అయ్యేంతవరకు ఆ పేరుతో పిలిచేవారు. బ్రౌన్‌కు పూర్వమే ఈ దీవులలో ఉద్యోగించిన ఇ. హెచ్. మాన్ 1880ల నాటి రచనలలో ఈ ఆచారాలను నమోదు చేశాడు. ఒకరు మరణిస్తే సంతాపకాలంలో వారి పేరు ఉచ్చరించరు. జీవితంలోని కొన్ని సంధిదశలలో బ్రతికున్నవారి పేరు కూడా పలకరు. దీనికి బ్రౌన్ చెప్పిన వ్యాఖ్యానం ఆ గ్రంథంలోని బలమైన భాగాలలో ఒకటి. పేరు మనిషి సామాజిక వ్యక్తిత్వానికి చిహ్నమనీ, సమాజంలో ఆ మనిషి స్థానం మామూలుగా లేని దశలలో ఆ చిహ్నాన్ని పక్కన పెడతారనీ ఆయన సిద్ధాంతం.

ఈ సిద్ధాంతాన్ని అంగీకరించి, దానిని ఆ గ్రంథానికే అన్వయించి చూడాలి. పుస్తకమంతటా ‘అండమాన్ ద్వీపవాసి’ కనబడతాడు. ఆయన ఏడుస్తాడు, నాట్యమాడతాడు, ఒంటికి మట్టి పూసుకొంటాడు, కథలు చెబుతాడు. కాని ఆ కథ చెప్పినది ఎవరు? ఎక్కువచోట్ల మనకు తెలిసేది తెగ పేరు మాత్రమే. పూసిన చెట్టుతో ఒక బాలికను గుర్తుపట్టగల సమాజం గ్రంథంలో ప్రవేశించేసరికి జాతివాచకంగా మిగిలింది. పేరు సామాజిక వ్యక్తిత్వానికి చిహ్నమైతే, పేర్లు లేని ఈ పుటలు ఎవరి వ్యక్తిత్వాన్ని పక్కన పెట్టినట్లు? రచయిత తన పేరును మరింత స్పష్టం చేసుకొన్నాడు. ఆయనకు విషయం చెప్పినవారి పేర్లు అస్పష్టంగానే నిలిచాయి. 1901 జనగణనలో గ్రేట్ అండమానీ తెగల సంఖ్య 625. 1961 నాటికి అది 19కి పడిపోయింది. అంటే బ్రౌన్ ఎదుట కూర్చుని మాట్లాడినవారి తరం తరువాత అడిగి తెలుసుకోవడానికి మనుషులే అరుదైపోయారు. నమోదు కాని పేరు ఇక్కడ శాశ్వతంగా పోయిన పేరే. ఇది శైలికి సంబంధించిన చిన్న లోపం కాదు.

ఈ విషయంలో కడప బ్రౌన్‌ను పక్కన నిలిపి చూడడం న్యాయం. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలైన పండితుల పేర్లు ఆయన కృషితోపాటు మనకు దక్కాయి. ఏ పని ఎవరి చేత సాగిందో కొంతైనా చెప్పగలుగుతున్నాము. అయితే ఇది ఆయన ఔదార్యం ఒక్కటే కాదు. ఆ పండితులు అక్షరాస్యులు, స్వయంగా లేఖలు వ్రాయగలవారు, తమ పేరు తాము నిలుపుకోగలవారు. ముఖపత్రంపై మాత్రం అక్కడా నిలిచినది బ్రౌన్ ఒక్కడే. ‘బ్రౌన్ నిఘంటువు’ అన్నప్పుడు ఆ షష్ఠీ విభక్తిలో ఎందరి శ్రమ అణగియున్నదో తెలుగు పాఠకుడు జ్ఞాపకముంచుకోవాలి. ఇద్దరు బ్రౌన్‌ల మధ్య భేదం గుణంలో కన్న పద్ధతిలో ఉన్నది. ఒకరిది పాఠపరిష్కరణ, అక్కడ ప్రతి ఎవరిది, వ్రాతగాడు ఎవరు అన్నది అవసరమైన ప్రశ్న. మరొకరిది సమాజ నియమాల అన్వేషణ, అక్కడ వ్యక్తి ఉదాహరణ మాత్రమే. పద్ధతి అనుమతించిన మేరకే పేర్లు బ్రతికాయి.

ఇక గ్రంథాలయ సూచికలవైపు చూస్తే చిక్కు మరింత పెరుగుతుంది. ‘ఇండియన్ ఆర్కిటెక్చర్’ రచయిత పెర్సీ బ్రౌన్ 1872లో బర్మింగ్‌హాంలోనే జన్మించాడు. లాహోర్‌లోని మేయో కళాపాఠశాలలో, 1909 నుండి కలకత్తా ప్రభుత్వ కళాశాలలో ప్రిన్సిపాలుగా ఉండి, అనంతరం విక్టోరియా మెమోరియల్ బాధ్యతలు నిర్వహించి, చివరి సంవత్సరాలు శ్రీనగర్‌లో గడిపి 1955లో మరణించాడు. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ మరణించినదీ 1955లోనే. పుట్టిన ఊరు ఒకటి, మరణించిన సంవత్సరం ఒకటి, ఇంటిపేరు ఒకటి, ఇద్దరూ భారతదేశానికి చెందిన విషయాలపై వ్రాసినవారే. అజాగ్రత్తగా వ్రాసిన ఒక కార్డు ఈ ఇద్దరినీ కలిపివేయడానికి ఇంతకన్న ఏమి కావాలి? వారి సరసనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అధ్యయనాలకు పునాది వేసిన సంస్కృత పండితుడు డబ్ల్యు. నార్మన్ బ్రౌన్, 1972లో గాంధీజీ రాజకీయ ప్రవేశంపై గ్రంథం ప్రకటించిన జూడిత్ బ్రౌన్ కూడా ఉన్నారు. పాదసూచికలో ‘బ్రౌన్, పుట 40’ అని వ్రాసి ఊరకొనే పరిశోధకుడు పాఠకుడికి దారి చూపడం లేదు, చౌరస్తాలో వదిలివేస్తున్నాడు.

వృక్షశాస్త్రజ్ఞులు ఈ విషయంలో మనకు పాఠం నేర్పారు. 1827లో నీటిలో పరాగరేణువులలోని సూక్ష్మకణాల నిరంతర చలనాన్ని గమనించిన రాబర్ట్ బ్రౌన్ ఎన్నో మొక్కలకు శాస్త్రీయనామాలు పెట్టాడు. ఆ నామాల చివర ‘ఆర్. బ్ర్.’ అన్న సంక్షిప్తాక్షరాలు ఆయనకే ప్రత్యేకం. మరో బ్రౌన్ వాటిని వాడడానికి వీలులేదు. ఒక మొక్కకు పేరుపెట్టినవాడు ఎవరన్న దానిలో చూపే ఈ శ్రద్ధ మనిషి గురించి వ్రాసేటప్పుడు చూపకపోవడానికి కారణం కనబడదు.

పేరు మనుషులనుండి స్థలాలకు ప్రాకినప్పుడు సమస్య రూపం మారుతుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం 1804లో విరాళమిచ్చిన నికొలస్ బ్రౌన్ పేరును వహించింది. టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్ 1846 యుద్ధంలో మరణించిన మేజర్ జేకబ్ బ్రౌన్ పేర వెలసింది. దాతకూ సైనికుడికీ ఇంటిపేరు తప్ప సంబంధం లేదు. మన దీవుల చరిత్రలో ఇంతకన్న చిక్కయిన ఉదాహరణ ఉన్నది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ దక్షిణ అండమాన్‌లో స్థాపించిన తొలి వలసకు పోర్ట్ కార్న్‌వాలిస్ అని పేరు. 1792లో ఆ వలసను ఉత్తర అండమాన్‌కు తరలించినప్పుడు పేరు కూడా తరలిపోయింది. గవర్నర్ జనరల్ చార్లెస్ కార్న్‌వాలిస్, నౌకాదళాధిపతి అయిన ఆయన తమ్ముడు విలియం కార్న్‌వాలిస్ ఇద్దరూ ఆ సంవత్సరాలలో ఈ దేశంలోనే అధికారంలో ఉన్నారు. కనుక 1790ల నాటి ఒక పత్రంలో కార్న్‌వాలిస్ అన్న మాటకు ఇద్దరు మనుషులు, రెండు రేవులు పోటీపడతాయి. ఉత్తరం తేదీ చూడనిదే ఊరు తెలియదు. ఆ తొలి రేవుకే 1858 తరువాత పోర్ట్ బ్లెయిర్ అన్న పేరు వచ్చింది, 2024లో అది శ్రీ విజయపురంగా మారింది. పేరు మార్పు ప్రజల నిర్ణయాధికారానికి సంబంధించినది. పాత పత్రాన్ని కొత్త పేరుతో అనుసంధించి ఉంచడం మాత్రం పరిపాలన బాధ్యత.

డిగ్నాబాద్ వంటి వాడలో ఈ చర్చ పుస్తకాలకు పరిమితం కాదు. ఈ నగరంలో అబర్డీన్ స్కాట్లండు పేరు, జంగ్లీఘాట్ హిందుస్తానీ పేరు. డిగ్నాబాద్ చివరి ‘ఆబాద్’ మన సికిందరాబాద్, ఆదిలాబాద్‌లలో వినిపించే పారశీక పదమే. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 13 శాతం. ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత వ్రాసుకొనే వీరి సంప్రదాయం ఇంగ్లీషు, హిందీ ఫారాల గళ్లలో తలక్రిందులవుతుంది. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరమై కుదించుకుపోతుంది, మరొకచోట సొంతపేరే వంశనామమవుతుంది. ఒకే తండ్రి పిల్లలు రెండు దస్తావేజులలో రెండు కుటుంబాలవారుగా కనబడితే, పట్టా కోసమో ధ్రువపత్రం కోసమో ఆ భేదాన్ని సరిదిద్దుకొనే శ్రమ వారిదే అవుతుంది. రాడ్‌క్లిఫ్-బ్రౌన్‌కు పేరు మార్చుకొనే అవకాశముండేది. ఫారం ఎదుట నిలబడిన మత్స్యకారుడికి తన పేరు తనదిగా నిలుపుకోవడమే పని.

అందువలన ‘బ్రౌన్ ఎవరు?’ అన్నది గ్రంథాలయ ఉద్యోగికి వదిలివేయదగిన ప్రశ్న కాదు. వ్యాసకర్త పూర్తిపేరు వ్రాయాలి. సూచికర్త 1922 నాటి ఎ. ఆర్. బ్రౌన్‌నూ తరువాతి రాడ్‌క్లిఫ్-బ్రౌన్‌నూ ఒకరినొకరికి చూపించే గుర్తు ఉంచాలి. ఉద్యోగి పౌరుడు చెప్పిన వరుసలోనే పేరు నమోదు చేయాలి. వీటన్నిటికన్న ముందు, ఒకరి జ్ఞానాన్ని వ్రాసుకొంటున్నవాడు ఆ చెప్పినవారి పేరు అడగాలి, వారు అనుమతిస్తే వ్రాసిపెట్టాలి, వద్దంటే ఆ మౌనాన్ని గౌరవించాలి. మృతుల పేరు పలకకపోవడం కూడా ఒక సమాజం పేరుకు ఇచ్చిన విలువే. పలకకూడదని తెలిసి ఊరకుండడం వేరు, అడగనే అడగకపోవడం వేరు.