యంత్రానికి కులం తెలియదా?

2019 అక్టోబరులో 'సైన్స్' పత్రికలో ఒబర్‌మేయర్, మరి ముగ్గురు కలిసి రాసిన వ్యాసం వచ్చింది. జబ్బుని పసిగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములకు పక్షపాతం ఉండదని చెప్పేవాళ్లకి అది గట్టి జవాబు. ఉద్యమాల్లో ఉన్నవాళ్లు చదవాల్సిన వ్యాసమే. అయితే అది ఆగినచోట మనం ఆగడానికి వీల్లేదని మా అభిప్రాయం.

సంగతేమంటే, ఏ రోగికి అదనపు శ్రద్ధ అవసరమో ముందే లెక్కగట్టే ప్రోగ్రాము ఒకటి అమెరికా ఆసుపత్రుల్లో వాడేవాళ్లు. రోగి నల్లజాతివాడా, తెల్లవాడా అన్న వివరం దానికి ఇవ్వలేదు. పాత రికార్డులు చూసి, ఆ మనిషి వైద్యానికి ఎంత ఖర్చవుతుందో అది అంచనా కట్టేది. ఖర్చు ఎక్కువైతే జబ్బు ఎక్కువన్నమాట. వినడానికి సబబుగానే ఉంది కదా! కానీ అవే జబ్బులున్నా నల్లజాతివాళ్ల మీద ఏటా సుమారు 1,800 డాలర్లు తక్కువ ఖర్చయ్యేది. వైద్యం అందకపోవడాన్ని యంత్రం ఆరోగ్యం కింద జమకట్టింది. ఈ వంకర తీసేస్తే అదనపు సాయానికి ఎంపికయ్యేవాళ్లలో నల్లజాతివాళ్లు 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతారని రచయితలు తేల్చారు.

ఆసుపత్రికి రాలేదు గనక వీళ్లకి రోగం లేదనే లెక్క మన వాడలకి కొత్తదేం కాదు.

ఖర్చుకి బదులు జబ్బునే అంచనా వేయించండి అన్నది రచయితల సలహా. ఇక్కడే మాకు పేచీ. ఆ జబ్బులైనా ఎక్కణ్ణించి లెక్కపెట్టారు? ఆసుపత్రి రికార్డుల్నించే. రక్తపరీక్షలూ చూశారు, నిజమే. అవీ చేయించుకున్నవాళ్లవే. ఆసుపత్రి గడప తొక్కనివాడి ఊసు అందులో లేదు. రేపు మన దగ్గర, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకాల బిల్లులే యంత్రానికి పాఠాలైతే ఏం నేర్చుకుంటుంది? గుండె ఆపరేషన్లు నేర్చుకుంటుంది. కూలికి పోయే ఆడమనిషి రక్తహీనత, మురిక్కాలవలో దిగేవాడి ఊపిరితిత్తులు దానికెట్లా కనపడతాయి?

ఇంకో మాట. అక్కడ రికార్డుల్లో జాతి రాసుంది గనక వివక్ష రుజువైంది. మరి ఇక్కడో? షుగరు జబ్బుతో కన్ను దెబ్బతినడాన్ని పట్టే యంత్రానికి 2016లో గూగుల్ పరిశోధకులు 1,28,175 ఫొటోలతో నేర్పారు. వాటిలో మన దేశపు కంటి ఆసుపత్రులవీ ఉన్నాయి. వయసు చెప్పారు, ఆడా మగా చెప్పారు. కులం గడి లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎస్సీ, ఎస్టీ అని అడుగుతుంది గనకనే 2019-21 సర్వేలో మన ఆడవాళ్ల రక్తహీనతను అంకెల్లో చూడగలిగాం.

కులం అడగడమే కులతత్వం అనే పెద్దమనుషుల్ని పక్కన పెడదాం. ఆ గడి ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలో పడితే మన నెత్తిన ఇంకో ముద్ర పడుతుందని మనవాళ్లే భయపడుతున్నారు. అది ఉత్తి భయం కాదు. అయితే అమెరికాలో జాతి వివరం ఉన్నది యంత్రం చేతిలో కాదు, దాన్ని తనిఖీ చేసినవాళ్ల చేతిలో. మనం అడగాల్సిందీ అట్లాంటి గడినే. దాన్ని తెరిచి చూసేవాళ్లలో దళితులు, ఆదివాసులు, ఆశా కార్యకర్తలు ఎంతమంది ఉంటారన్నది మాత్రం ముందే తేలాలి.