మూడు వందల ముప్పై ఏడింటిలో ఒకటి

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి బండి మీద కంపెనీ పేరు చదవాల్సిన పని ఉండదు. వెనక దీపం గుండ్రంగా ఉందా, అద్దం తలుపుకి బిగించారా మడ్‌గార్డ్ మీద బిగించారా, ఇంజన్ ఏ శ్రుతిలో పలుకుతోంది... ఇవి చాలు, మలుపు తిరిగేలోపే ఏ కారో చెప్పేస్తారు. ఏళ్ల తరబడి ఫొటోలు చూసి, కొలతలు చదివి, దొరికిన ప్రతి బండి చుట్టూ తిరిగితేగానీ ఈ విద్య అబ్బదు. నా మటుకు నేను ఈ సాధనంతా ముఖ్యంగా ఒక్క కారు కోసం చేశాను. అది టయోటా 2000జీటీ.

1965 టోక్యో మోటార్ షోలో తొలిసారి జనం ముందుకొచ్చిన బండి ఇది. 1967 నుంచి 1970 దాకా తయారైంది. అమ్మకానికి చేసినవి 337 మాత్రమే. ధర దాదాపు 24 లక్షల యెన్లు. 1966లో వచ్చిన మొదటి కరోలా 4 లక్షల 32 వేలు. అంటే ఈ ఒక్క కారు డబ్బుతో ఐదు కరోలాలు కొనుక్కోవచ్చు. అంత డబ్బు పెట్టగలవాళ్లు ఆనాటి జపాన్‌లో ఎందరుంటారు?

దీని వెనక యమహా చెయ్యి ఉందని తెలిశాక నా మమకారం రెట్టింపైంది. మా తరం తెలుగు కుర్రాళ్లకి యమహా అంటే ఆర్‌ఎక్స్ 100. సందు చివర చప్పుడు వినబడగానే ఎవరి బండి వస్తోందో చెప్పేవాళ్లం. చెవితో బండిని పట్టుకోవడం నాకు అక్కడే అలవాటైంది. టయోటా తన క్రౌన్ కారులోని ఆరు సిలిండర్ల ఇంజన్ ఇస్తే, యమహావాళ్లు దానికి రెండు క్యామ్‌షాఫ్టుల కొత్త సిలిండర్ హెడ్ బిగించి, 1988 సీసీలోంచి 150 హార్స్‌పవర్ రాబట్టారు. కార్ల తయారీ కూడా వాళ్ల దగ్గరే జరిగింది. పియానోలు చేసేది యమహా మాతృసంస్థే కాబట్టి, డాష్‌బోర్డు చెక్కపనికి కూడా ఆ నైపుణ్యమే వాడారు. 1966 అక్టోబరులో యతాబే ట్రాక్ మీద ఈ కారు 72 గంటలపాటు గంటకి 206 కిలోమీటర్ల సగటు వేగంతో పరుగెత్తింది. మూడు ప్రపంచ రికార్డులు దాని పేరిట చేరాయి. చవక కార్ల దేశమని జపాన్‌ని తేలిగ్గా చూసినవాళ్లకి ఇంతకన్నా గట్టి జవాబు ఇంకేం కావాలి?

చాలామందికి మాత్రం ఇది జేమ్స్ బాండ్ కారు. 1967 నాటి ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ కోసం కప్పు లేకుండా రెండు చేయించారు. ఆ సినిమా ఈ కారుకి పేరు తెచ్చిన మాట నిజమే. కానీ కప్పు తీసేస్తే ఈ బండిలో సగం అందం పోయినట్టే అని నా అభిప్రాయం. ముందు అద్దం మీదుగా పైకి లేచి, తోక దాకా ఒక్క ఊపున జారే ఆ గీత కోసమే కదా దీన్ని చూడాలి!

ఆ గీతని కళ్లారా చూసే అదృష్టం యోకొహామాలో దక్కింది. అక్కడ ఓడరేవులో, ఎక్స్‌ప్రెస్‌వే వంతెనలు చుట్టలు చుట్టుకున్న చోట, దైకొకు అనే పార్కింగ్ స్థలం ఉంది. ఆదివారం పొద్దున్నే కార్ల ప్రియులంతా అక్కడికి చేరతారు. ముందు నాకు కనబడింది అద్దం. బానెట్‌కి అటూ ఇటూ, ముందు చక్రాల మీదుగా నిలబెట్టిన చిన్న అద్దం. దాని వెనక తెల్లటి వీపు. గుండె ఝల్లుమంది.

ఫొటోలు నాకు అన్నీ నేర్పాయి, పరిమాణం తప్ప. ఎత్తు 1160 మిల్లీమీటర్లని ఎన్నిసార్లు చదివానో! పక్కన నిలబడితే కప్పు నా ఛాతీకి కూడా అందలేదు. యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. నేను ముందు చక్రం వెనకున్న చిన్న మూతనే చూస్తున్నానని గమనించి, నవ్వి, తాళం తిప్పి తెరిచారు. లోపల బ్యాటరీ! రెండో వైపు అలాంటి మూత వెనకే గాలి వడపోసే ఫిల్టర్. బానెట్‌ని అంత కిందికి దించడంతో ఇంజన్ పక్కన ఈ రెండింటికీ చోటు మిగల్లేదు. అందుకే వాటిని చక్రాల వెనక్కి తెచ్చారు. అందం కోసం పట్టిన పట్టు, దాన్ని నిలబెట్టడానికి ఇంజనీర్లు పడిన పాట్లు, ఆ జానెడు మూత దగ్గర కనిపిస్తాయి. తెలియనివాళ్లు అది పెట్రోలు మూత అనుకుని వెళ్లిపోతారు. ఇన్నేళ్ల సాధనకి ఫలం ఇదే అనిపించింది: ఎక్కడ ఆగి చూడాలో ముందే తెలిసి ఉండటం.

తర్వాత ఆయన ఇంజన్ స్టార్ట్ చేశారు. మూడు కార్బ్యురేటర్లు గాలి పీల్చుకునే సన్నని శబ్దం ముందు, దాని కింద ఆరు సిలిండర్ల నిండైన గొంతు. గర్జనేమీ లేదు. ఎక్కడా తడబాటు లేని ఒకే ధార.

చదువుకో ఉద్యోగానికో నగోయా వైపు వెళ్లేవాళ్లు ఉంటే, పక్కనే నగకుతెలో టయోటా వాళ్ల ఆటోమొబైల్ మ్యూజియం ఉంది. అక్కడ ఈ కారును చూడొచ్చు. ఎదురుగా నిలబడి సెల్ఫీ తీసుకుని వచ్చేయకండి. వెనక మూలకి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, కప్పు గీత వెంబడి చూపు నడిపించండి. ఆ తర్వాత చక్రం వెనకున్న మూత వెతకండి.