రక్తచరిత్ర: నటనయు నీతియు

అనంతపురపు ముఠాకక్షలను వస్తువుగాఁ గొని రామగోపాలవర్మగారు నిర్మించిన ‘రక్తచరిత్ర’ రెండు భాగములును 2010వ సంవత్సరమున అక్టోబరు, డిసెంబరు మాసములలో వెలువడినవి. వానిని మేము మరలఁ జూచితిమి. తొలిసారి రక్తమే కనఁబడెను. ఈసారి ముఖములు కనఁబడినవి.

బుక్కారెడ్డిగా అభిమన్యు సింగు భయంకరుఁడు. అతనిని జూచి రోఁత పుట్టునే గాని, అట్టివాఁడు కావలెనని యే యువకుఁడును గోరఁడు. ప్రతాపరవిగా వివేక్ ఒబెరాయ్ దుఃఖము అధికారకాంక్షగా మాఱు క్రమమును జక్కఁగాఁ జూపెను. అతని పగవాఁడుగా నటించిన సూర్య యింకను నేర్పరి: మాట తక్కువ, చూపు పదును. అపాయ మిచ్చటనే యున్నది. నటన యెంత గొప్పదో, పగ యంత న్యాయముగాఁ దోఁచును.

కాని తెర వెలుపలఁ బగకు జయము లేదు. ఈ కథకు మూలమైన వారిలోఁ బరిటాల రవి 2005లో హతుఁడయ్యెను. రెండవ భాగము విడుదలయైన నెలకే, 2011 జనవరిలో, మద్దెలచెరువు సూరియు హతుఁడయ్యెను.

కడలియంచున నున్న మా నెల్లూరు మండలమందు 1992లో దూబగుంట స్త్రీలు కత్తి పట్టకయే సారా విక్రయమును మాన్పించిరి. ఆ ధైర్యమునకు ఇంతటి నటు లెన్నఁడు దొరకుదురో!