రోడ్డు దిగే బండి

భూపాలపల్లికి మకాం మారుస్తున్నాం, దూరాలు తిరగడానికి ఏ బండి తీసుకోమంటారని అడిగేవాళ్ళు నాకు ఏడాది పొడుగునా తగులుతూనే ఉంటారు. సింగరేణిలో కొత్తగా చేరిన ఇంజినీర్లు, చెల్పూరు థర్మల్ కేంద్రానికి బదిలీ అయినవాళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు. 2021 డిసెంబరులో 317 జీవో వచ్చి ఉద్యోగులను కొత్త జిల్లాలకు సర్దినప్పుడైతే పాత వరంగల్ జిల్లాలో ఏ ఇంట్లో విన్నా ఇదే ముచ్చట. అట్లా కదిలిన ఇళ్ళలో మాదీ ఒకటి. మా ఆవిడ టీచరు. జనగామలో ఉన్నవాళ్ళం సామాను కట్టుకుని భూపాలపల్లి వచ్చేశాం.

ఈసారి అడిగింది మా మేనల్లుడు. ఉప్పల్లో పుట్టి పెరిగినవాడు, మహాముత్తారం వైపు ఉద్యోగం పడింది. “మామా, హిమాలయన్ తీస్కుందామనుకుంటున్న. ఎన్నడన్న లడఖ్ కూడ పోవచ్చు గద” అన్నాడు. ఎన్నడన్నా పోయే లడఖ్ కోసం బండి కొంటే, రోజూ పోయే మహాముత్తారం సంగతేంది? లేహ్‌లో బండ్లు కిరాయికి దొరుకుతాయి. మహాముత్తారంలో దొరకవు.

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 అని నంబరు ప్లేట్లు వచ్చాయి. వరుస నంబర్లు చూసి మూడూ ఒకే తీరనుకుంటే పొరపాటు. అప్పుడు ములుగు కూడా కలిసి ఉన్న జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, 2011 జనాభా లెక్కల ప్రకారం, చదరపు కిలోమీటరుకు 115 మంది. హైదరాబాద్ జిల్లాలో అదే లెక్క 18 వేలు దాటుతుంది. జనం ఇంత పల్చగా ఉన్నచోట రోడ్డు సన్నగా ఉంటుంది, మెకానిక్ దూరంగా ఉంటాడు, పెట్రోలు బంకు ఇంకా దూరంగా ఉంటుంది. బండి ఆగితే ఎవరైనా వచ్చేదాకా కూర్చోవాలి. వచ్చినవాడు మాత్రం ఆగకుండా పోడు, అది ఈ ప్రాంతం గొప్పతనం.

షోరూములో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, నేను దాంతోనే మొదలుపెడతాను. కాటారం దాటి అడవి ఊళ్ళకు తిరిగే రోడ్లు చాలావరకు సింగిల్ రోడ్లు. మధ్యలో తారు, రెండు పక్కలా మట్టి. వాన నీళ్ళు మట్టిని కోసుకుపోయి తారు అంచున బెత్తెడు మెట్టు ఏర్పడుతుంది, కొన్నిచోట్ల జానెడు. దానికి తోడు దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కి అంచులను పెచ్చులు పెచ్చులుగా లేపుతాయి. ఎదురుగా గోదావరి ఇసుక టిప్పరు వస్తుంది. అది రోడ్డు దిగదు. దిగాల్సింది మనమే.

దిగడం ఎవరైనా దిగుతారు, ఎక్కడంలోనే ఉంది పని. అంచు వెంబడే నడుపుతూ మెల్లగా పైకి తీయబోతే ముందు చక్రం అంచును రాసుకుంటూ పోతుందే గాని ఎక్కదు. ఆ రాపిడిలోనే బండి పక్కకు ఒరుగుతుంది. కాస్త దూరం జరిగి, అంచుకు అడ్డంగా హ్యాండిల్ తిప్పి, కొంచెం రేస్ ఇచ్చి ఒక్క ఊపులో ఎక్కించాలి. 21 అంగుళాల ముందు చక్రం గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. 17 అంగుళాల చక్రం గింజుకుంటుంది. స్కూటర్ల చిన్న చక్రాల గురించి చెప్పనక్కర లేదు, ఏఎన్ఎం అమ్మలు వాటి మీదే ఈ రోడ్లన్నీ తిరుగుతున్నారు, వాళ్ళకు దండం.

టిప్పరు పోయేదాకా ఆగాల్సి వస్తే ఇంకో చిక్కు. ఎడమ కాలు పెట్టే నేల తారుకంటే కిందికి ఉంటుంది. షోరూము గచ్చు మీద మునివేళ్ళు ఆనాయి, సరిపోయింది అనుకున్న సీటు ఇక్కడ కాలిని నేలకు అందనివ్వదు. కొత్త హిమాలయన్ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, బరువు 196 కిలోలు. హీరో ఎక్స్‌పల్స్ 200 సీటు కూడా దాదాపు అంతే ఎత్తు, బరువు మాత్రం 160 కిలోలకు కాస్త తక్కువ. స్ప్లెండర్ 112 కిలోలు. ఒకసారి ఒరగడం మొదలుపెట్టాక 196 కిలోలను ఒంటికాలితో ఆపగలిగిన మొనగాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆపలేకపోతే పడుతుంది, పడితే లేపడానికి రెండో మనిషి కావాలి. చదరపు కిలోమీటరుకు 115 మంది అన్న లెక్క అప్పుడు బాగా గుర్తుకొస్తుంది.

యాసంగి కోతలు మొదలైతే ఉన్న సింగిల్ రోడ్డులో సగం వడ్లదే. రైతును అనడానికి లేదు, కల్లానికి జాగా ఎక్కడుంది? కుప్ప చుట్టూ బండరాళ్ళు పెడతారు. రాత్రి నల్ల పరదా కప్పుతారు. ఆ పరదా హెడ్‌లైటు వెలుతురులో రోడ్డు రంగులో కలిసిపోతుంది, ముందు చక్రానికి రాయి తగిలేదాకా అక్కడ కుప్ప ఉందని తెలియదు. అందుకే బండి చూడ్డానికి పోయేవాళ్ళను పొద్దుగూకినాక పొమ్మంటాను. పగటిపూట షోరూములో లైటు సంగతి ఎవరికి పడుతుంది?

ఇక చైను. టూరింగ్ బండ్లకు చైను బయటికే ఉంటుంది, చూపులకు బాగుంటుంది. 500 కిలోమీటర్లకోసారి తుడిచి లూబ్ కొట్టమంటారు. భూపాలపల్లి ఓపెన్‌కాస్టుల నుంచి బొగ్గు పోయే రోడ్ల మీద నాలుగు రోజులు తిరిగి ఆ చైనును వేలితో తాకి చూడండి. నూనె మీద బొగ్గు పొడి, ఇసుక పొడి కూర్చుని గరుకు ముద్ద తయారై ఉంటుంది. అది స్ప్రాకెట్ పళ్ళను ఆకురాయిలా అరగదీస్తుంది. తుడవకుండా దాని మీదే మళ్ళీ నూనె కొడితే ముద్ద పెరుగుతుందే తప్ప చైనుకు ఒరిగేదేమీ లేదు. స్ప్లెండర్ చైను చుట్టూ నిండుగా రేకు కవరు ఉంటుంది. బీదరికపు గుర్తులాగా కనిపించే ఆ కవరు విలువ దుమ్ము రోడ్ల మీద తిరిగినవాడికే తెలుసు.

ఆస్ట్రేలియాలో వేల ఎకరాల్లో గొర్రెలను, పశువులను మేపే కమతాల కోసం యమహా వాళ్ళు ఏజీ200 అని ఒక బండి చేశారు. దాని చైనూ కవరు లోపలే. ముందొకటి, వెనకొకటి క్యారియర్లు. సైడ్ స్టాండ్ రెండు వైపులా ఉంటుంది, నేల ఎటు వాలితే అటు వేసుకోవచ్చు. మనిషి కనపడని చోట మనిషికి ఏం కావాలో ఆలోచించి చేసిన బండి అది. మన కంపెనీలు టూరింగ్ బండి పేరుతో ముందు అద్దం, ఫోనుకు బ్లూటూత్ ఇస్తున్నాయి. కుడివైపు ఒక స్టాండ్ ఇస్తే ఏం పోయిందో!

జనగామకు ఈ లెక్కలేవీ అంతగా వర్తించవు. నాలుగు వరుసల 163వ నంబరు జాతీయ రహదారి ఊరి దగ్గరి నుంచే పోతుంది. అక్కడుండి హైదరాబాద్‌కో హన్మకొండకో తిరిగేవాడికి 90 దగ్గర నిలకడగా, వణకకుండా పోయే బండి కావాలి. 200 సీసీ ఇంజను ఆ వేగంలో రొద పెడుతుంది, గంట సేపటికి అరచేతులు తిమ్మిరెక్కుతాయి. 450 సీసీ హిమాలయన్‌కు అదొక లెక్క కాదు. జనగామలో ఇల్లున్నవాడు హిమాలయన్ కొంటానంటే నేను అడ్డు చెప్పను.

మహబూబాబాద్ వైపు బురదతో తంటా. గూడూరు, గంగారం, కొత్తగూడ మండలాల్లో తండా దాకా సీసీ రోడ్డు ఉంటుంది, ఆ తర్వాత ఏముంటుందో ఆ ఏటి వాన మీద ఆధారపడి ఉంటుంది. నల్లరేగడి తడిసిందంటే కింది మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మట్టి పట్టేసి చక్రం తిరగడం మానేస్తుంది. పుల్ల తీసుకుని పొడుచుకుంటూ, పది గజాలు పోయి మళ్ళీ పొడుచుకుంటూ పోవాలి. ఎక్స్‌పల్స్‌కు ముందు మడ్‌గార్డు ఎత్తులో ఉంటుంది గనుక ఆ బాధ తక్కువ. సైడ్ స్టాండ్ దిగబడకుండా కింద పెట్టడానికి ఒక పలక రాయో చెక్క ముక్కో సంచిలో ఉంచుకోవాలి.

వాగు దాటే బండి అని మాత్రం ఏదీ లేదు. ప్రకటనల్లో నీళ్ళు రెండు పక్కలా చిమ్ముకుంటూ పోయే బండ్లను చూసి మోసపోవద్దు. 2023 జూలై 27న మోరంచవాగు మోరంచపల్లిని ముంచితే జనాన్ని కాపాడడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్టనే వరద ఎత్తుకుపోయింది. రైలు కట్ట ఆగనిచోట మన సీసీలెంత? కల్వర్టు మీద నీళ్ళు పారుతుంటే వెనక్కి తిరగాలి, చుట్టు తిరిగి పోవాలి. అందుకు ట్యాంకులో పెట్రోలు ఉండాలి.

పెట్రోలు లెక్కలో ఒక తమాషా ఉంది. కొత్త హిమాలయన్ ట్యాంకు 17 లీటర్లు, ఎక్స్‌పల్స్‌ది 13, స్ప్లెండర్‌ది 9.8. లీటరుకు ముప్పై లోపు ఇచ్చే బండి, నలభై ఇచ్చే బండి, అరవై దాటి ఇచ్చే బండి. గుణించి చూడండి, ట్యాంకు నింపితే అందరికంటే దూరం పోయేది అందరికంటే చిన్న ట్యాంకున్నదే. భూపాలపల్లి నుంచి కాళేశ్వరం 60 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పోయి వచ్చి, మధ్యలో రెండు ఊళ్ళు తిరిగినా స్ప్లెండర్ బంకు మొహం చూడదు. కిరాణా కొట్టు ముందు సీసాల్లో వేలాడే పెట్రోలు నేను ఏ బండిలోనూ పోయించను, పోయించుకునేవాళ్ళ అవసరం మాత్రం అర్థమవుతుంది.

అసలు ఈ మూడు జిల్లాల్లో టూరింగ్ చేస్తున్నదెవరు? మొన్న కాటారం చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ప్లాస్టిక్ సామాన్లమ్మే అతను వచ్చి ఆగాడు. పాత స్ప్లెండర్. వెనక కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చి తలకంటే ఎత్తు, రెండు పక్కలా బకెట్లు, చీపుర్లు, ట్యాంకు మీద పిల్లల బొమ్మల సంచి. అన్నీ పాత ట్యూబు చీరిన రబ్బరు పట్టీలతో కట్టినవే. కట్టు చూస్తే ముచ్చటేసింది. బరువంతా వెనక చక్రం ఇరుసుకు కాస్త ముందుకు వచ్చేట్టు, పెద్దవి కింద, తేలికవి పైన. వేలు పోసి కొన్న సైడ్ బాక్సులతో ఇంత బాగా సర్దినవాళ్ళు తక్కువ. బండి ఆగిపోతే ఏం చేస్తావన్నా అని అడిగితే, “ఎవడో ఒకడు ఎన్కనుంచి కాలు పెట్టి నూకుతడు సార్” అన్నాడు. నిజమే. పెట్రోలు అయిపోయిన బండిని ఇంకో బండివాడు ఫుట్‌రెస్టు మీద కాలు ఆనించి తోసుకుంటూ పక్క ఊరిదాకా తీసుకుపోవడం ఇక్కడ రోజూ కనిపించేదే. రెండు క్వింటాళ్ళ బండిని అట్లా తోయమని ఎవరిని అడుగుతాం?

మా కాలనీ మెకానిక్ ఒక పెద్ద బండిని చుట్టూ తిరిగి చూసి, “దీనికి నా దగ్గర పానాలే లెవ్వు సార్” అన్నాడు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక చిన్న బండ్లలోనూ కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, సెన్సార్లొచ్చాయి. అయినా స్ప్లెండర్‌కు కిక్కు మిగిలింది. బ్యాటరీ నీరసపడిన రోజున దాని విలువ తెలుస్తుంది. ఇప్పటి కొత్త బుల్లెట్‌కు కూడా కిక్కు లేదు. కిక్కు కొట్టలేనోడు బుల్లెట్ ఎక్కొద్దన్న మా నాన్న తరం వాళ్ళు వింటే ఏమంటారో. ఏ బండి కొన్నా ఒక క్లచ్ వైరు, రెండు చక్రాలకూ ట్యూబులు, టైరు విప్పే రాడ్లు, చేతి పంపు వెంట ఉండాలి. ట్యూబ్‌లెస్ అయితే పంచర్ కిట్టు.

నేను నడిపేది ఎక్స్‌పల్స్. హైవే మీద దాని రొద, దుమ్ములో దాని చైను సేవ, రెండూ భరిస్తాను. రోడ్డు దిగి ఎక్కడంలో దాన్ని మించింది ఆ ధరలో నాకు కనిపించలేదు. ఇంట్లో ఉన్న ఇంకో బండి స్ప్లెండర్, అది మా ఆవిడ తమ్ముడిది. అత్యవసరానికి చెయ్యి పోయేది దాని తాళం మీదికే.

మేనల్లుడికి మాత్రం ఎక్స్‌పల్స్ చెప్పలేదు. ముందు ఒక పాత స్ప్లెండర్ తీసుకో, ఒక వానాకాలం, ఒక యాసంగి దాని మీద తిరుగు, ఏ రోడ్డులో ఏం తక్కువైందో నీకే తెలుస్తుంది, అప్పుడు లక్షలు పెట్టు అన్నాను. తిరిగి అమ్మినా పెద్దగా పోయేదేమీ ఉండదు, స్ప్లెండర్ అమ్ముతానంటే ఇక్కడ ఇంటికొచ్చి అడుగుతారు. వాడికి ఎవరిదో ఒకటి ఉప్పల్లోనే బేరానికి వచ్చిందట. చైను కవరు ఊడబీకి ఉంటే కొత్తది వేయించు, ఆర్‌సీ నీ పేరు మీదికి మారేదాకా డబ్బులన్నీ ఇచ్చేయకు అని చెప్పి ఫోన్ పెట్టేశాను.