ఒక సంఖ్య, ఇద్దరు హక్కుదారులు

93,63,584 అనే సంఖ్యను తీసుకొని, దానిని శేషం లేకుండా భాగించే సంఖ్యలన్నింటినీ, అదొక్కటి మినహాయించి, కూడితే 94,37,056 వస్తుంది. ఈ రెండవ సంఖ్యకూ అలాగే చేస్తే మళ్ళీ మొదటిదే వస్తుంది. ఇటువంటి జతలను అరబ్బీ గణితజ్ఞులు 'ముతహాబ్బా' అన్నారు. అంటే పరస్పరం ప్రేమించుకొనేవి. 'స్నేహ సంఖ్యలు' అనే తెలుగు మాటలో ఆ అర్థం కొంత పలచబడుతుంది.

ఐరోపా గణిత చరిత్రలు ఈ జతను 1638లో దేకార్త్ కనుగొన్నాడని చాలాకాలం వ్రాశాయి. అదే శతాబ్దికి చెందిన ఇరాన్ గణితజ్ఞుడు ముహమ్మద్ బాఖిర్ యజ్దీ కూడా దీనిని సాధించాడు. ఇంతవరకు వాస్తవమే. కాని దీనిని ఆధారం చేసుకొని, ముస్లిముల విద్యను ఫ్రెంచివారు అపహరించారనడం న్యాయం కాదు. యజ్దీ గ్రంథాన్ని దేకార్త్ చూశాడనటానికి సాక్ష్యం లేదు. సాక్ష్యం లేని అభియోగం ఎవరి పక్షాన చేసినా అభియోగమే.

అసలు ఘనత ఈ ఇద్దరికన్నా ఏడు శతాబ్దాల ముందటిది. 901లో బాగ్దాదులో మరణించిన సాబిత్ ఇబ్న్ ఖుర్రా ఒక సూత్రాన్ని నిరూపించాడు. రెండును ఏడుసార్లు వేసి గుణిస్తే 128. దానిని మూడుతో గుణించి ఒకటి తీసివేస్తే 383. దానిలో సగమైన 64తో అలాగే చేస్తే 191. ఈ రెండింటికీ ఒక్కొక్కటి కలిపి గుణించి (192 × 384), ఒకటి తగ్గిస్తే 73,727. ఈ మూడూ ప్రధాన సంఖ్యలే. 128 × 191 × 383 మొదటి సంఖ్య. 128 × 73,727 రెండవది. మూడింటిలో ఏ ఒక్కటి ప్రధాన సంఖ్య కాకపోయినా సూత్రం పనిచేయదు. 128కి బదులు 8 తీసుకుంటే 11, 23, 287 వస్తాయి. 287 అంటే 7 × 41 గనుక జత కుదరదు.

సాబిత్ హర్రాన్ వాసి, సాబియన్ మతస్థుడు, గ్రీకు గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చిన అనువాదకుడు. అతనిని ముస్లిమని వ్రాయడం పొరపాటు. ఏ మతస్థుడైనా పనిచేయగలిగిన విద్యాలోకం బాగ్దాదులో ఉండెననడమే సత్యం, గౌరవం కూడా.

ప్రాథమ్యం విషయంలో గట్టి ఆధారం కావాలంటే 17,296, 18,416 జత ఉన్నది. దీనిని 1636లో ఫెర్మా కనుగొన్నాడన్నారు. కాని 1300 ప్రాంతాననే కమాలుద్దీన్ ఫారిసీ, సాబిత్ సూత్రాన్ని కొత్త పద్ధతిలో నిరూపిస్తూ, దీనిని చూపాడు. ఇక్కడ మూడు శతాబ్దాల అంతరం ఉన్నది. వాదించవలసిన అవసరమే లేదు. సాబిత్ గ్రంథాన్ని 1852లో ఫ్రెంచిలో పరిచయం చేసినవాడు వెప్కే అనే జర్మన్ పండితుడన్నది కూడా మరువరాదు.

సాబిత్ సూత్రం అన్ని జతలనూ ఇవ్వదు. 1184, 1210 అనే చిన్న జత దానికి చిక్కలేదు; 1866లో పదహారేళ్ళ ఇటలీ విద్యార్థి పగనీనీ దానిని కనుగొన్నాడు. ఈ లోపాన్ని చెప్పినందువల్ల సాబిత్ గౌరవం తగ్గదు. ఎంతవరకు నిరూపణ అయిందో అంతవరకే చెప్పడం ఆ విద్య మొదటి నియమం. దాని చరిత్ర వ్రాసేవారికీ అదే నియమం వర్తిస్తుంది.